తుమ్మెద ఇంకా ఉన్నాది

నిన్న సాయంత్రం నా మనవరాలు బిస్కెట్ ముక్కంత పచ్చ పలక ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఇంజనీరింగ్ చదువుతోంది కదా, సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకుంటోందట. ఆ పచ్చ పలక దానికి కరెంటును శుభ్రం చేసి అందించే రెగ్యులేటర్. ఇంటర్నెట్‌లో ఆర్డరు పెడితే కవర్లో పెట్టి పంపించేశారు. వైర్లు తగిలించి, పాటేమీ పెట్టకుండా ఉత్తినే ఆన్ చేసి, హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి, "అమ్మమ్మా, ఏమైనా వినబడుతోందా?" అని అడిగింది.

ఏమీ వినబడలేదు. దాని గొప్పే అదట. పిల్ల మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక వేసవంతా ఒక మనిషి నన్ను అచ్చం ఇదే మాట అడిగాడు. నేను హెడ్‌ఫోన్లు లాగి పక్కన పడేయడం చూసి పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. షాకు కొట్టిందేమో అనుకుంది పాపం. కొట్టిన మాట నిజమే, కాకపోతే అది ఇప్పటిది కాదు.

మాది భావనపాడు. ఇంటి వెనక గోడ దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఆ హోరు మీద మాట వినబడాలంటే గొంతు చించుకోవాలి కాబట్టి మా ఇంట్లో ఎవరికీ నెమ్మదిగా మాట్లాడడం రాదు. కొత్తవాళ్ళు చూస్తే పోట్లాడుకుంటున్నామనుకునేవాళ్ళు. ఆ ఏడు బడికి సెలవులివ్వగానే మా మేనత్త వచ్చి, ఎండు నెత్తళ్ళ చేపల మూటనీ నన్నూ వెంటబెట్టుకుని, విజయనగరం దాటాక ఉన్న ఒక జూట్ మిల్లు ఊరికి బయల్దేరింది. మూట వాసనకి బస్సులో ముందు సీటాయన ముక్కు మూసుకున్నాడు.

"ఇస్తరాకులో ఏస్తే ఈ వాసనకే గదేటి బాబూ లొట్టలేస్తావు. బస్సులోనైతే పనికిరాదేటి?" అంది అత్త. ఆయన దిగేదాకా మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఊళ్ళో నన్ను ముందుగా పలకరించింది వాసనే. నీళ్ళలో నాని కుళ్ళిన గోగునార వాసన, నారకు పట్టించే నూనె వాసన కలిసిపోయి గాలి నిండా ఉండేవి. అత్త పెట్టిన చోడి అంబలిలోనూ అవే, కప్పుకున్న దుప్పట్లోనూ అవే. అత్తావాళ్ళ లైను మిల్లు ప్రహరీని ఆనుకునే ఉండేది. లైను అంటే వరసగా ఒకే గోడకు కట్టిన మిల్లు ఇళ్ళు, అందరికీ కలిపి ఒకే పంపు. మగ్గాల మోతకి గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా అదిరేవి. సముద్రం లేకపోతే నాకు నిద్ర పట్టదేమోనని భయపడ్డాను గానీ, తీరా చూస్తే అక్కడున్నది సముద్రం కన్నా పెద్ద గొంతు.

లైనులో వాళ్ళందరూ కూడా అరిచే మాట్లాడేవాళ్ళు. మనవాళ్ళ లాగే ఉన్నారని నాకు ప్రాణం కుదుటపడింది. వాళ్ళకి ఇంకో విద్య కూడా ఉండేది. మగ్గాల దగ్గర గొంతు పనికిరాదు కనుక చేతులతో, పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోయేది కాదు. మావయ్యకి మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు పెదవికి ఆనించేవాడు. అత్త పొయ్యి దగ్గర నుంచి శబ్దం లేకుండా పెదాలు మాత్రం కదిపి ఆయన్ని తిట్టేది. ఆయన వసారాలోంచే చదువుకుని పకపకా నవ్వేవాడు. నేనూ నేర్చేసుకున్నాను. పంపు దగ్గర ఆడపిల్లలం నోరు మెదపకుండా పెద్దాళ్ళ మీద చాడీలు చెప్పుకునేవాళ్ళం. అందులో ఆలోచించవలసింది ఏదో ఉందని ఎవరికీ తోచలేదు. ఊరంతా ఒకేలా ఉంటే తేడా ఎక్కడ కనబడుతుంది?

మావయ్య కూడా సముద్రం ఒడ్డు పిల్లాడే. పడవెక్కితే వాంతులయ్యేవట, అందుకని వేట మానేసి మిల్లులో మగ్గం మీద చేరాడు. మిల్లు ధూళికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు విన్నప్పుడల్లా అత్త మొహం మాడిపోయేది. ఆయనకి తీరిక దొరికితే రేడియోలు విప్పడం, బిగించడం పిచ్చి. ఆ చేతి పని చూసి బజార్లో సౌండు షాపాయన ఒక మాటన్నాడు. పెళ్ళిళ్ళకీ, గుళ్ళకీ మైకు సెట్లు అద్దెకిచ్చే మనిషి ఆయన. పంతులుగారు మంత్రం ఆపి ఊపిరి తీసుకునేలోగా స్పీకర్లు గుయ్యిమంటున్నాయని పెళ్ళివారు గోల పెడుతున్నారట. గుయ్యిమనని సెట్టు ఒక్కటి కట్టి తెస్తే షాపులో రిపేరు బల్ల నీదే, మిల్లు మానేసి వచ్చెయ్యి అన్నాడు. ఈ పెళ్ళిళ్ళ రోజులు దాటితే మాత్రం ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు.

అత్తకి ఆ మాటే పంచభక్ష్య పరమాన్నం. ఆదివారం పూట వేడినీళ్ళు కాచి, నెత్తళ్ళు వంకాయ వండి, "నువ్వు బల్ల కాడ కూకో బావా, మిగతాది నాను సూసుకుంటాను" అనేది. మావయ్య అత్తకి మేనత్త కొడుకు వరస, అందుకని బావా అనే పిలుపు.

ఇక వసారాలో మావయ్య, ఆయన పక్కన నేను. ఆ గుయ్యికి ఆయన పెట్టుకున్న పేరు తుమ్మెద. అదెక్కణ్ణుంచి వస్తుందో నాకు చెప్పాడు.

"తీగలో కరెంటు ఒక్క తీరుగా రాదే అమ్మీ. మీ సముద్రం లాగే ఎక్కుతాది, దిగుతాది. ఆ అల సెట్టులోకి దూరిందంటే పాట ఎనకాల తుమ్మెద కూకున్నట్టే. మనం ఏటి సేయాల? అలని ఒకే ఏపుకి తిప్పాల. కుండలో పట్టాల. కుండకి సన్న కన్నం పెట్టి ధార ఒక్క తీరుగా ఒదలాల."

అలని ఒకవైపుకి తిప్పేవి డయోడ్లు. కుండంటే కండెన్సరు, అది నిజంగానే చిన్న మరచెంబంత ఉండేది. కన్నం దగ్గర కాపలా ఉండి ధార పెరక్కుండా తగ్గకుండా చూసేది రెగ్యులేటర్. అంతవరకూ నాకు అర్థమైంది. అర్థం కానిదల్లా ప్లగ్గు పీకేసిన కండెన్సరును ఎందుకు ముట్టుకోకూడదో. ఆయన పంపు దగ్గరికి వెళ్ళినప్పుడు తలపిన్ను తీసి దాని రెండు కాళ్ళకీ ఆనించాను. కుండలో నిలవున్న కరెంటు టప్పుమని మెరిసి పిన్ను నల్లగా మాడిపోయింది. నేను వెనక్కి పడ్డాను. అత్త చీపురు తీసుకుని ముందు నన్నూ, తరవాత ఇలాంటివి ఇంట్లో పెట్టినందుకు మావయ్యనీ తరిమింది.

సెట్టు పరీక్షించే పద్ధతి ఒకటుండేది. పాట పెట్టకూడదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పి, స్పీకరుకి చెవి ఆనించి కళ్ళు మూసుకోవాలి. ఇదంతా మిల్లు ఆగి ఉండే ఆదివారమే జరగాలి, మిగతా రోజుల్లో మగ్గాల మోతలో ఏం వినబడుతుంది? మావయ్య విన్నాక నన్ను వినమనేవాడు. "ఏటమ్మీ, ఇనబడతన్నాదేటి?" అనేవాడు. మొదట్లో నిజంగానే పెద్ద తుమ్మెద లోపల తిరుగుతున్నట్టు ఉండేది. ఇంకో పెద్ద కండెన్సరు వేశాడు, తుమ్మెద సన్నబడింది. రెగ్యులేటర్ కట్టాడు, ఇంకా సన్నబడింది గానీ దాని వెనక చింతపండు ఉడుకుతున్నట్టు సొయ్యిమని ఇంకోటి మొదలైంది. ఆ రెగ్యులేటర్లోనే ఉండే జీనర్ అనే గాజు గింజ చేసే అల్లరట అది. దానికో బుల్లి కండెన్సరు అడ్డం పెడితే సొయ్యి ఆగిపోయింది. తరవాత ట్రాన్స్‌ఫార్మర్‌ను సెట్టులోంచి పీకి దూరంగా వేరే డబ్బాలో పెట్టాడు. తీగలు సీసంతో అంటించేటప్పుడు లేచే రోజన్ బంక పొగ ఇల్లంతా సాంబ్రాణిలా కమ్ముకునేది. నాకు ఆ వాసన ఎంత ఇష్టమంటే, ఆయన చూడకుండా ఒక పలుకు తీసి పొయ్యిలో వేసి అత్త చేత మళ్ళీ తిట్లు తిన్నాను.

చివరికి భూమికి పోవలసిన తీగలన్నీ తలా ఒకచోట కాకుండా ఒకే మేకు దగ్గర కలిపాడు. ఆ ఆదివారం నేను చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. స్పీకరు చచ్చిపోయిందేమోనని భయం వేసి దాని అట్టను గోరుతో గీకాను. మావయ్య పాట పెడితే ఖంగుమని మోగింది. పాట ఆపితే మళ్ళీ ఏమీ లేదు. అత్త తల తుడుచుకుంటూ వచ్చి విని, "ఒలమ్మో, నూతిలో తల పెట్టినట్టున్నాదే" అంది. మేమిద్దరం ఎగిరి గంతేశాం.

మావయ్య విన్నాడు. చాలాసేపు విన్నాడు. "ఉన్నాది. తుమ్మెద ఇంకా ఉన్నాది. గొంతు మార్సింది. ముందు లావుగా ఉండీది, ఇప్పుడు సన్నగా కీసుమంటన్నాది" అన్నాడు.

నాకూ అత్తకూ వినబడలేదంటే మీ చెవులకి తర్ఫీదు లేదన్నాడు. నిజమే కాబోలనుకున్నాం. అంత పనివాడు చెబుతుంటే కాదనడానికి మేమెవరం? ఆయన కట్టిందంతా విప్పేశాడు. మళ్ళీ కట్టాడు. మళ్ళీ అదే సన్న గొంతు. ఆదివారాలు గడిచిపోతున్నాయి. బజార్లో పెళ్ళి బాజాలు పల్చబడుతున్నాయి. అత్త ఓపిక కూడా పల్చబడింది.

"షాపుకి పట్టుకెల్లు బావా. నీకు తప్ప పురుగుకి కూడా ఇనబడదు."

"గుయ్యిమనే సెట్టు పట్టుకెల్తే నవ్వుతారే. రిపేరోడికి పరువు పోతే ఇంకేటి ఉంటాది?"

"పరువు పోతే పోయింది. దగ్గు దగ్గి పేనం పోతే ఏటి సేస్తాను నాను?"

ఆ రోజు ఇద్దరూ అన్నాలు తినలేదు. మిగిలిన ముంజెలన్నీ నేనే తినేశాను.

ఆ తరవాతి ఆదివారం, ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది. మిల్లు సెలవు. మావయ్య బనీను కూడా లేకుండా నేల మీద చతికిలబడి, స్పీకరుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. శబ్దం కలుస్తుందని ఫ్యాను ముందే ఆపేశాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. అత్త గరిటెతో గుమ్మంలో నిలబడింది. ఆయన వేలు పైకెత్తి, "ఇదిగో. ఇదే. బాగా ఇనండి" అన్నాడు.

అంతలో పక్కింటి రేడియో టక్కున ఆగింది. లైనులో పిల్లలు "కరెంటు పోయింది, కరెంటు పోయింది" అని అరుస్తూ వీధిలోకి పరిగెత్తారు. సెట్టు మీద ఎర్రబల్బు నా కళ్ళ ముందే మసకబారి ఆరిపోయింది.

మావయ్య కళ్ళు తెరవలేదు. ఎత్తిన వేలు దించలేదు. "ఇంటన్నారా? ఇంకా ఉన్నాది" అన్నాడు.

నేను బల్బు వంక చూశాను. అత్త వంక చూశాను. అత్త గరిటెలోంచి చారు ఆమె పాదం మీద పడుతోంది, ఆమెకి తెలియడం లేదు. "మావయ్యా, కరెంటు లేదు" అన్నాను. ఆయన కదల్లేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి, నా పెదాలు కనబడడం లేదు, అందుకని నా మాట ఆయనకి చేరడం లేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తెలిసింది. పిడుగు పడ్డట్టయింది. అరుపులో సగం కూడా ఈయనకి వినబడడం లేదన్నమాట, ఇన్నాళ్ళూ మా మొహాలు చూసి మాట్లాడుతున్నాడన్నమాట.

భుజం పట్టుకుని ఊపాను. కళ్ళు తెరిచి నా నోటి వంక చూశాడు. "కరెంటు లేదు" అన్నాను, శబ్దం లేకుండా, పెదాలతోనే. ఆయన ఎర్రబల్బు చూశాడు. ప్లగ్గు పీకి, మళ్ళీ స్పీకరుకి చెవి ఆనించాడు. స్పీకరు వైరు తెంపి, మళ్ళీ ఆనించాడు. తరవాత స్పీకరును దూరంగా నెట్టేసి రెండు అరచేతులతోనూ చెవులు గట్టిగా మూసుకున్నాడు.

"ఇంకా ఉన్నాది" అన్నాడు.

కాసేపటికి ఆయన లేచి అలాగే వీధి అరుగు మీదికి వెళ్ళాడు. ఉక్కకి లైనులో మగవాళ్ళందరూ బయటికొచ్చి కూర్చున్నారు. ఎదురింటి తాత, మిల్లులో అందరికన్నా పాతకాపు, చుట్ట వెలిగిస్తున్నాడు. మావయ్య ఆయన ముందు నిలబడి చెవి దగ్గర వేళ్ళు ఆడించి, "నీకు కీసుమని ఇనబడతన్నాదేటి తాతా?" అని అడిగాడు.

"మిల్లు సప్పుడు గదేట్రా. కొత్తగా ఇంటన్నావేటి?"

"ఇయ్యాల ఆదివారం. మిల్లు నేదు."

తాత చుట్ట పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. పక్కనున్న ఇంకొకాయన, "నాకూ ఉన్నాది. స్తంభం కాడ ట్రాన్స్‌ఫారం అనుకున్నాను" అన్నాడు. కరెంటు లేదు, స్తంభం ఏం చప్పుడు చేస్తుంది? ఇంకొకతను తల ఊపాడు. ఇంకొకతను చెవిలో వేలు పెట్టి తిప్పుకుని చూసుకున్నాడు. ఒకళ్ళనొకళ్ళు పెదాలు చదువుకుంటున్నారు. అందరికీ ఉంది. ఆడవాళ్ళు ఎవరి గుమ్మాల్లో వాళ్ళు కొయ్యబారిపోయి నిలబడ్డారు. మాకు మాత్రం పంపు కింద నీటిబొట్లు పడడం, ఎక్కడో ఎవరో రోట్లో పచ్చడి నూరడం, గోడ మీద కాకి గోళ్ళు గీసుకోవడం కూడా వినబడుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఉన్నది ఆడవాళ్ళమూ పిల్లలమూనే. ఇంతమంది మగవాళ్ళు మా ఎదురుగానే కూర్చుని ఇంకెక్కడో ఉన్నారు. నాకు దెయ్యాల్ని చూసినంత భయం వేసింది.

మర్నాడు మావయ్య మిల్లుకి నాగా పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్త ఏడవలేదు. తెగిన స్పీకరు వైరు తనే మెలిపెట్టి కలిపి, సెట్టును పాత చీరలో మూటగట్టి నెత్తిన పెట్టుకుని, నన్ను రమ్మంది. షాపాయన ప్లగ్గు పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పి, చెవి ఆనించాడు. "ఆన్‌లో ఉందా ఇది?" అన్నాడు. పాట పెట్టి చూసి, ఆపి, మళ్ళీ విని, మా వైపు తిరిగి, "రేపట్నుంచే రమ్మనమ్మా" అన్నాడు. అత్త బజారు వీధిలో నా చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. దారిలో నాకు జీళ్ళు కొనిపెట్టింది.

ఇంటికి రాగానే మావయ్య ఎదురుగా కూర్చుని, మొహం తన వైపు తిప్పుకుని అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా చదువుకున్నాడు.

"ఏమీ ఇనబడనేదా ఆయనకి?"

"నేదు బావా."

"నీకూ?"

"నాకూ నేదు."

"అయితే సేసేసినాను" అన్నాడు. మొహంలో ఒక్క నిమిషం వెలుగు వచ్చింది. "నాను సేసినాను గానీ నాను ఇననేను."

మర్నాడు పొద్దున్న అత్త ఉతికిన చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. మిల్లు సైరను మోగింది. లైనులో తలుపులు తెరుచుకుని మగవాళ్ళు ఒక్కొక్కరే క్యారేజీలు పట్టుకుని బయటికొచ్చారు. మొన్న ఆదివారం అరుగు మీద నిర్ఘాంతపోయిన ఆ మనుషులే. అంతా తెలిసి కూడా వెళుతున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మా ఇంట్లోంచి మావయ్య కూడా వచ్చాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా లేదు, మిల్లు చొక్కా ఉంది.

అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. "అటెక్కడికి బావా? షాపు ఇటు గదా."

"షాపులో సప్పుడు ఉండదే. పొద్దల్లా ఆ బల్ల కాడ ఇదొక్కటే ఇనుకుంటా కూకోవాల." చెవి చూపించాడు. "మగ్గాల కాడైతే ఇది ఇనబడదు."

అత్త పక్కకి జరిగింది. నాకు ఇప్పటికీ ఆమె ఎందుకు జరిగిందని కోపం వస్తుంది, మళ్ళీ ఆ కోపం చల్లారిపోతుంది. ఏ మోత ఆయన చెవులు తినేసిందో ఆ మోతలోకే దాక్కోవడానికి పోతున్న మనిషితో ఎవరైనా ఏమని వాదిస్తారు?

చాలా ఏళ్ళకి ఆ మిల్లు మూతపడింది. మగ్గాలు లారీల్లో పోయాయి, గోగునార వాసన కూడా పోయింది. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు. అత్తని చూసి రావడానికి వెళ్ళాను. వీధి మొదట్లోనే గుయ్యిమని ఒకటే మోత. లోపలికెళితే మావయ్య వసారాలో స్పీకరు పక్కనే కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుని ఉన్నాడు. కొత్తగా కట్టిన సెట్టు. పాటేమీ లేదు, ఉత్త మోతే. లోపల చూస్తే రెగ్యులేటర్ లేదు, పెద్ద కండెన్సర్లూ లేవు, వాటి చోట్లు ఖాళీగా ఉన్నాయి. పాడైపోయింది కాబోలు, పాపం ఈయనకి తెలియడం లేదనుకుని స్విచ్చు మీద చెయ్యి వేశాను.

మావయ్య కళ్ళు తెరిచి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపీకు అమ్మీ" అన్నాడు. "నానే పీకినాను. ఈ గుయ్యి ఉంటే అది ఇనబడదు."